మహాతలవరుని నుండి తలారి వరకు: పదవి ఎవరిది?

(పాలకాయతిప్పలో సంఘపెద్దల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ ప్రసంగములలో మాకు అప్పగించిన అంశము కొంచెము బరువైనది. నాలుగు, అయిదు శతాబ్దములలో రోమా సామ్రాజ్యమును ఏలిన గొప్ప వంశముల అధికారులు, వారి రాజకీయ బలము, ఆ బలము ఎదుట క్రైస్తవ సంఘము నిలిచిన తీరు చెప్పవలెనన్నారు. ఈ మాట వినగానే మా సంఘములో ఒక పెద్దాయన, “వల బాగుచేసుకొనేవాళ్ళకు రోమా సెనేటరుల గొడవ ఎందుకయ్యా?” అని అడిగినాడు. ఆ ప్రశ్న సరియైనదే. దానికి జవాబు చెప్పలేకపోతే ఈ ప్రసంగము చేయుట కంటె కూర్చొనుటే మేలు. గనుక రోముతో మొదలుపెట్టము. మన కాలి క్రింది నేలతోనే మొదలుపెట్టుదము.

మన దివిసీమ సాక్ష్యము

మనకు పొరుగున ఘంటసాల ఉన్నది. రెండవ శతాబ్దములో టాలెమీ అను గ్రీకు పండితుడు భూగోళ గ్రంథము వ్రాయుచు, మైసోలియా అను దేశములో కంటకోసిల అను వర్తక స్థలమును పేర్కొన్నాడు. మైసోలియా అంటే మన మచిలీపట్టణపు తీరము, కంటకోసిల అంటే మన ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించినారు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనములలో ఒకదానియందు ‘మహానావికుడు’ అను మాట ఉన్నది. అంటే పెద్ద ఓడను నడిపినవాడు. ఈ తీరములో పడవ నడిపినవాని పేరు దాదాపు పదిహేడు వందల ఏండ్ల క్రిందటనే రాతికెక్కినది. తమ పనికి చరిత్ర లేదనుకొనే మన పల్లెకారులు ఈ సంగతి తమ పిల్లలకు చెప్పవలెను.

మూడవ శతాబ్దములో కృష్ణానది ఎగువన విజయపురిలో, అనగా నాగార్జునకొండలో, ఇక్ష్వాకు రాజులు ఏలినారు. వారి శాసనములలో ఒక పదవి పేరు మరల మరల వచ్చును. అది ‘మహాతలవరుడు’. రాజు క్రింద ఒక సీమకు కాపుదల, దండన, పెత్తనము చేసే గొప్ప వంశస్థుడని దాని భావము. శాంతమూల మహారాజు చెల్లెలు శాంతిశ్రీ పూగీయ వంశపు మహాతలవరుని భార్య. ఆయన కుమార్తె అడవి శాంతిశ్రీని ధనక వంశములో ఇచ్చినారు. ఆ అల్లుడు మహాసేనాపతి, మహాతలవరుడు, మహాదండనాయకుడు కూడ. సేన ఒకరి చేతిలో, సీమ కాపుదల ఆయన చేతిలోనే, తీర్పు దండనయు ఆయన చేతిలోనే! పైగా రాజుగారి అల్లుడు. ఇక అటువంటివానిపై ఫిర్యాదు ఎక్కడ చేసుకొనవలెను?

అయితే న్యాయముగా మరియొక మాట కూడ చెప్పవలెను. ఆ వంశముల స్త్రీలు తమ ధనమును ధర్మకార్యములకు వెచ్చించినారు. నాగార్జునకొండ మహాచైత్యము ఆ శాంతిశ్రీ దానములతోనే సిద్ధమైనది. బోధిశ్రీ అను ఉపాసిక తాను కట్టించినవాటి పట్టికను రాతిపై చెక్కించినది. అందులో కంటకశైలలోని మహాచైత్యమునకు తూర్పు ద్వారమువద్ద వేయించిన రాతి మంటపమును చేర్చినది. ఆ కంటకశైల మన ఘంటసాలయే. ధనము, అధికారము ఉన్నవారందరు దుష్టులని మేము చెప్పము. చరిత్ర అట్లు చెప్పదు, వాక్యమును అట్లు చెప్పదు. ఐగుప్తులో యోసేపు, బబులోనులో దానియేలు అధికారులే కదా.

ఇక్ష్వాకుల తరువాత బృహత్ఫలాయన గోత్రీకుడైన జయవర్మ ఈ దిగువ కృష్ణాసీమను ఏలినాడు. ఆయన రాజధాని కూదూరము. అది బందరు దగ్గరి గూడూరని కొందరు, ఘంటసాల దగ్గరి కోడూరని కొందరు పండితులు చెప్పుదురు. ఆయన వేయించిన కొండముది తామ్రశాసనములో పాంటూరను గ్రామమును ఎనిమిదిమంది బ్రాహ్మణులకు దానమిచ్చి, దానికి కొన్ని మినహాయింపులు కల్పించినాడు. ఆ గ్రామములో రాజభటులు అడుగుపెట్టకూడదు, ఉప్పు త్రవ్వుటకు రాజపురుషులు రాకూడదు, సీమ అధికారులు జోక్యము చేసికొనకూడదు. ఈ మినహాయింపులను చదివినప్పుడు మనకు ఒక సంగతి తెలియును. మినహాయింపు లేని మిగిలిన గ్రామములన్నిటిలో ఈ పనులన్నియు జరుగుచుండెను! భటుడు వచ్చి తిని పోవుచుండెను. ఉప్పును రాజు పేర త్రవ్వుకొని పోవుచుండిరి. శాసనము మేలు పొందినవారిని గూర్చి చెప్పును. మేలు పొందనివారిని గూర్చి మౌనముగా ఉండును. ఆ మౌనములో ఉన్నవారు మన పూర్వికులు.

అదే కాలమందు రోములో

ఇప్పుడు రోముకు పోవుదము. జయవర్మకు ఇంచుమించు సమకాలికులు డయొక్లీషియను, కాన్‌స్టంటైను చక్రవర్తులు. వీరి కాలములో రాజ్యమును సుమారు నూరు ప్రాంతములుగా చీల్చి, ఒక్కొక్కదానికి ఒక గవర్నరును, వారిపైన మరికొందరిని, అందరిపైన ప్రిఫెక్టు అను మహాధికారులను నియమించినారు. పన్ను, తీర్పు, ధాన్యపు సరఫరా అన్నియు వీరి చేతిలోనివి. బిరుదులు కూడ మెట్లు మెట్లుగా ఏర్పడినవి. మొదటి మెట్టు ‘మిక్కిలి ప్రకాశవంతుడు’, దానిపైన ‘చూడదగినవాడు’, దానిపైన ‘దేదీప్యమానుడు’. దొరల కాలములో రావు సాహెబు, రావు బహదూరు, దివాన్ బహదూరు అను బిరుదులుండెడివి కదా! ఎవరు ఎవరికంటె ముందు కూర్చొనవలెనన్నది ఆనాడు చట్టములో వ్రాసినారు.

ఆ పదవులలో చాలభాగము గొప్ప భూస్వామి వంశములకే దక్కినది. ఒలింపియొడోరస్ అను చరిత్రకారుడు వ్రాసినదానిని బట్టి, రోములోని మిక్కిలి ధనికులైన సెనేటరులకు వారి భూముల మీద ఏటా 4,000 పౌనుల బంగారము వచ్చుచుండెను. ధాన్యము, ద్రాక్షారసము దానికి అదనము. సిమ్మకస్ అను సెనేటరు తన కుమారునికి ఒక గౌరవ పదవి వచ్చిన సందర్భమున వినోద ప్రదర్శనల కొరకు 2,000 పౌనుల బంగారము ఖర్చు చేసినాడట.

ఈ వంశములలో పెట్రోనియస్ ప్రోబస్ అనువాడు మిక్కిలి పేరుపొందినవాడు. సామ్రాజ్యమంతటను ఆయనకు భూములుండెను. నాలుగు మారులు ప్రిఫెక్టు అయినాడు. అమ్మియానస్ అను చరిత్రకారుడు ఈయనను గూర్చి చెప్పిన పోలిక మన పాలకాయతిప్పవారికి వెంటనే అర్థమగును. పదవి లేనప్పుడు ఆయన ఒడ్డున పడిన చేపవలె గిజగిజలాడెడివాడట. ఆ పదవి మీద ఆశ ఆయన ఒక్కనిదే కాదు. ఆయన బంధుకోటి ఆయనను పదవిలోనికి నెట్టుచుండెడిదని ఆ చరిత్రకారుడే చెప్పినాడు. ఎందుకనగా, పెద్దవాడు పదవిలో ఉంటే చిన్నవాండ్రు చేసిన అక్రమములకు శిక్ష ఉండదు! ఈ ప్రోబస్ చివరి దినములలో క్రైస్తవ బాప్తిస్మము పొందినాడు. సంఘమునకు ఇటువంటివారు వచ్చుట మొదలైనప్పుడు సంఘము మారినదా, వారు మారినారా అన్నదే నేటి మన ప్రశ్న.

మరొక తరగతివారు కూడ ఉండిరి. వారు పట్టణ సభ్యులు. పన్ను వసూలు చేయుట వీరి బాధ్యత. తక్కువపడితే స్వంత ఆస్తినుండి కట్టవలెను. తండ్రి తరువాత కుమారుడు ఆ పనిని తప్పక మోయవలెను. మన సీమలో 1802లో వచ్చిన శాశ్వత పరిష్కారము దీనిని తలపించును. జమీందారు కంపెనీకి నిర్ణయించిన పేష్కషు కట్టవలెను, కట్టకపోతే జమీ వేలమునకు పోవును. రెండు చోట్లను పైవాని ఒత్తిడి క్రిందివానిపైనే పడినది. జమీందారు అమీనును పంపును, అమీను రైతు గడపలో కూర్చొనును, రైతు తన పాలేరు కూలిలో కోత పెట్టును.

కాన్‌స్టంటైను సంఘ పరిచారకులను పట్టణ భారములనుండి తప్పించినాడు. అది దయతో చేసిన పని. కాని ఫలితమేమైనది? భారము తప్పించుకొనుటకు ధనికులు గురుత్వమునకు ఎగబడినారు. ఇక చక్రవర్తులే చట్టములు చేసి, అట్టివారు సంఘ సేవకు రావలెనంటే ఆస్తిని వదులుకొని రావలెనని కట్టడి చేయవలసి వచ్చినది. కూదూరములో మినహాయింపు, రోములో మినహాయింపు! మినహాయింపు ఉన్న చోటికి బలవంతుడు ముందు చేరును.

గవర్నరు బిషప్పు అయిన కథ

ఈ చీకటిలో ఒక వెలుగు కూడ ఉన్నది. ప్రోబస్ ప్రాపకముతో పైకి వచ్చిన యువకుడు అంబ్రోసు. పెద్ద అధికారి కుమారుడు, న్యాయవాది. మిలాను ముఖ్య పట్టణముగా గల ప్రాంతమునకు గవర్నరైనాడు. 374లో మిలాను బిషప్పు మరణించినాడు. సంఘము రెండు పక్షములుగా చీలియుండెను. అల్లరి జరుగకుండ చూచుటకు గవర్నరు ఆలయమునకు వచ్చి జనులతో మాట్లాడుచుండగా, ఆయననే బిషప్పుగా ఉండుమని జనులు కేకలు వేసినారు. అప్పటికి ఆయన బాప్తిస్మమైనను పొందలేదు. తప్పించుకొన చూచినాడు, కుదరలేదు. బాప్తిస్మము పొంది, కొద్ది దినములలోనే డిసెంబరు 7న అభిషిక్తుడైనాడు.

ఆయన మొదట చేసిన పని గమనించుడి. తన బంగారమును, వెండిని సంఘమునకు, బీదలకు ఇచ్చివేసినాడు. తన అక్క మార్సెల్లీనా బ్రదుకు తెరువుకు ఏర్పాటు చేసి, భూములను సంఘపరము చేసినాడు. 378లో హాద్రియనోపిలు యుద్ధములో రోమా సైన్యము ఓడిపోయి వేలాదిమంది చెరపట్టబడినప్పుడు, ఆలయములోని వెండి బంగారు పాత్రలను కరగించి చెరపడినవారిని విడిపించినాడు. తప్పు పట్టినవారికి ఆయన జవాబు ఇట్టిది: సంఘమునకు బంగారమున్నది దాచుటకు కాదు, అక్కరలో ఉన్నవారికి వెచ్చించుటకు.

390లో థెస్సలొనీక పట్టణములో ఒక రథసారథిని చెరలో పెట్టినందుకు జనులు తిరుగబడి సేనాపతిని చంపినారు. థియోడోసియసు చక్రవర్తి కోపముతో శిక్షకు ఆజ్ఞ ఇచ్చినాడు. తరువాత మనసు మార్చుకొన్నాడు గాని రెండవ ఆజ్ఞ చేరులోపల పని జరిగిపోయినది. ఏడువేలమంది చనిపోయినారని థియొడొరెట్ అను చరిత్రకారుడు వ్రాసినాడు. అంబ్రోసు ఏమి చేసినాడు? చక్రవర్తిని ఆలయపు గుమ్మములో చేయి చాపి అడ్డగించినట్లు చిత్రములు వేసినారు. అది తరువాతివారు చెప్పిన కథ. నిజముగా ఆయన ఒక ఉత్తరము వ్రాసినాడు, అది నేటికిని ఉన్నది. ప్రజల ఎదుట అవమానింపక, తన స్వంత చేతితో వ్రాసి, పశ్చాత్తాపపడనిదే నీ ఎదుట సంస్కారపు బల్లను జరిపించలేనని తెలియజేసినాడు. చక్రవర్తి లోబడినాడు. రాజచిహ్నములు తీసివేసి సామాన్య పాపివలె సంఘములో నిలిచినాడు. ఆ క్రిస్మసుకు తిరిగి సంస్కారములో చేర్చుకొనబడినాడు. మరణశిక్షలను ముప్పది దినములు ఆపి మరల ఆలోచించవలెనను కట్టడిని ఈ పశ్చాత్తాపముతో ముడిపెట్టి చెప్పుదురు.

కాని ప్రియులారా, కథను ఇక్కడ ఆపితే మేము అబద్ధికులమగుదుము. దీనికి రెండేండ్ల ముందు, 388లో, యూఫ్రటీసు నది ఒడ్డున కల్లీనికము అను ఊరిలో బిషప్పు ప్రేరేపణతో జనులు యూదుల సమాజమందిరమును తగులబెట్టినారు. బిషప్పు తన ఖర్చుతో దానిని కట్టించవలెనని చక్రవర్తి తీర్పు ఇచ్చినాడు. అది న్యాయమైన తీర్పు. ఇదే అంబ్రోసు ఆలయములోనే చక్రవర్తిని నిలదీసి, ఆ తీర్పును రద్దు చేయించినాడు. బలవంతుని ఎదుట నిలిచిన అదే ధైర్యము బలహీనులకు అన్యాయము చేయుటకును ఉపయోగపడినది. సంఘము చేతికి అధికారము వచ్చినప్పుడు సంఘమును శోధింపబడును. ఈ సంగతి మరచినవారు సంఘచరిత్రను సగమే చదివినవారు.

మన మిషను చరిత్రలో ఇదే ప్రశ్న

1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు దొరలు బందరులో దిగినారు. 1843లో నోబులు దొర బడి ప్రారంభించినాడు. అదే నేటి నోబులు కాలేజీకి మూలము. ఆయన భక్తిని, త్యాగమును మేము తక్కువ చేయము. ఇరువది నాలుగేండ్లు ఒక్క మారైనను స్వదేశమునకు పోక 1865లో ఇక్కడనే కన్నుమూసినాడు. అయితే ఆయన ఆలోచన ఏమనగా, పై కులములవారు, అధికారము చేయువారు మొదట మారితే తక్కినవారు వారి వెంట వత్తురని. అందుచేత ఆ బడిలో పంచముల పిల్లలకు చోటు లేకపోయినది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగానే పట్టణము అల్లకల్లోలమై బడి దాదాపు ఖాళీ అయినది.

దేవుడు వేరొక తలుపు తెరిచినాడు. 1859లో ఎగువ ప్రాంతమైన రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మాల సోదరుడు డార్లింగు దొరచేత బాప్తిస్మము పొందినాడు. పదవి లేదు, భూమి లేదు, చదువు లేదు. మొదట ఆయన ఇంటివారు, తరువాత ఊరివారు, తరువాత చుట్టుప్రక్కల పల్లెలు కదిలినవి. ఈనాడు ఈ కృష్ణా మండలములో మన సంఘములలో ఎక్కువ భాగము ఆ తలుపు గుండ వచ్చినవే గాని గొప్పవారి తలుపు గుండ వచ్చినవి కావు. 1912లో అజరయ్యగారు దోర్నకలుకు బిషప్పుగా అభిషిక్తులైనప్పుడు ఆంగ్లికను సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన పరిచర్య పల్లెలలోని పేద సంఘముల మధ్యనే విస్తరించినది.

తలారి

ఇప్పుడు ఆ మహాతలవరుడు ఏమైనాడో చెప్పుదము. రాజ్యములు పోయినవి, రాజులు పోయినారు. మాట మాత్రము మిగిలినది. మన గ్రామములలో ‘తలారి’ అను మాట ఆ ‘తలవర’ శబ్దము నుండియే వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. ఒకనాడు రాజుగారి అల్లుని బిరుదు. తరువాత మునసబు వెనుక కర్ర పట్టుకొని నడిచి, దండోరా వేసి, రాత్రి గస్తీ తిరిగిన పేదవాని పేరు. పదవి యొక్క గొప్పతనము ఎంత నిలకడగలదో ఈ ఒక్క మాట చాలును. మన తాతలలో కొందరు ఆ తలారి పని, వెట్టి పని చేసినవారే. కచేరి అరుగు క్రింద నిలబడి, అరుగుమీదివారు చెప్పినది విని పరుగెత్తినవారే.

అరుగుమీద కూర్చున్నవారు మునసబు, కరణము. ఊరి భూమి అంతయు కరణము కలములో ఉండెను. తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనుమడు. తెనాలి తాలూకాలోని పెరవలిపాలెము మునసబు ఉద్యోగమును గూర్చిన దావా సుప్రీముకోర్టు వరకు పోయినది. 1960 డిసెంబరులో ఆ కోర్టు, పుట్టుకను బట్టి గ్రామోద్యోగములో ఒకనికి ముందుహక్కు ఇచ్చుట రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. చివరకు 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము మునసబు, కరణము పదవులనే రద్దు చేసినది. జమీందారీలు అంతకు ముందే, 1948నాటి చట్టముతో పోయినవి. మన చల్లపల్లి జమీ కూడ అందులోనే ముగిసినది. రోములో చట్టము కొడుకును తండ్రి పదవికి కట్టివేసినది. ఇక్కడ చట్టము ఆ కట్టు విప్పినది. దీనికై మనము దేవునికి స్తుతులు చెల్లించవలెను.

కాని, కరణీకము పోయినను కరణము మనస్సు పోయినదా?

ఒక జాబితా సంగతి

ఇక్కడ మా స్వంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1977 నవంబరు 19, శనివారము. ఆ ఉప్పెనను గూర్చి ఈ తిప్పమీద ఎవరికిని చెప్పనక్కరలేదు. అధికార లెక్కలకే పదివేలమంది పోయినారు. తాటిచెట్టు పట్టుకొని బ్రదికినవారి పిల్లలు ఈ సభలో కూర్చొనియున్నారు.

ఉప్పెన తరువాత సహాయము వచ్చినది. ప్రభుత్వపు జాబితా ఒకటి వ్రాసినారు. మాలో ఒక విధవరాలి పేరు అందులో లేదు. ఎందుకు లేదని అడిగితే, ఇంటికి రుజువు ఏదన్నారు. ఇల్లే సముద్రములో కలిసిన తరువాత రుజువు ఎక్కడనుండి తెచ్చును? ఆ మాట అన్నవానిమీద మేము చాల కోపపడినాము. ప్రార్థనలో కూడ ఆ కోపము వెళ్ళగ్రక్కినాము.

తరువాత సంఘము ద్వారా బియ్యము, బట్టలు, గిన్నెలు వచ్చినవి. ఈ మారు జాబితా వ్రాసినవారు ప్రభుత్వమువారు కారు. మేమే. అప్పుడు మాకు వయస్సు తక్కువ, కమిటీలో చోటు క్రొత్త. మొదట కమిటీవారి ఇండ్లు, తరువాత వారి వియ్యాలవారు, తరువాత చందా బాకీలేనివారు. ఆ విధవరాలి పేరు ఉన్నది. లేదని చెప్పము. చివరి పుటలో, చివరినుండి రెండవ వరుసలో ఉన్నది. ఆమె వంతు వచ్చుసరికి గిన్నెలు అయిపోయినవి. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. కొంగు దులుపుకొని, “పోనీలెండి అయ్యా, వెనకాలొస్తే ఇప్పించండి” అని వెళ్ళిపోయినది. వెనుక రానేలేదు. ఆమె ఇప్పుడు ప్రభువునందు నిద్రించుచున్నది. మేము ఏ అధికారిమీద కోపపడినామో ఆ అధికారి పనినే మేమును చేసినాము. ఆయన రుజువు అడిగినాడు, మేము చందా పుస్తకము చూచినాము. అంతే తేడా.

ప్రోబస్ బంధువులను గూర్చి చదివినప్పుడు మేము నవ్వలేకపోయినది ఇందుకే.

మూడు ప్రశ్నలు

గనుక ఈ శతవార్షికోత్సవమందు మన పదవులను మూడు ప్రశ్నలతో పరీక్షించుకొనవలెనని మా మనవి.

మొదటిది: పదవిలో ఉన్నవానికి ‘ఇది తప్పు’ అని చెప్పగలిగినవాడు సంఘములో ఉన్నాడా? చక్రవర్తికి అంబ్రోసు ఉండెను. రాజుగారి అల్లుడైన మహాతలవరునికి ఎవరుండిరి? పాస్టరేటు కమిటీలో కార్యదర్శికి, కోశాధికారికి, గురువుగారికి సహా, మెల్లగా, ప్రేమతో, ఒంటరిగా చెప్పగలిగినవారుండవలెను. చెప్పినవానిని విరోధిగా ఎంచకూడదు. అంబ్రోసు కూడ బజారులో కేకలు వేయలేదు, ఉత్తరము వ్రాసినాడు. మనము కోర్టు నోటీసులు వ్రాయుటకు ముందు ఉత్తరములు వ్రాయుట నేర్చుకొందము.

రెండవది: పదవి వలన ఎవరి ఇల్లు నిండుచున్నది? పాత్రలు కరగించి బందీలను విడిపించినవాడు బిషప్పు పదవికి గౌరవము తెచ్చినాడు. శతవార్షికోత్సవమునకు మనము గోపురమునకు రంగు వేయించవచ్చును, క్రొత్త గంట తేవచ్చును, తప్పు లేదు. కాని అదే సంవత్సరములో సంఘములోని ఒక బిడ్డ రుసుము కట్టలేక చదువు మానితే, ఆ గంట ఎవరికొరకు మ్రోగును?

మూడవది: పదవి ఇంటినుండి బయటికి పోవుచున్నదా? తాతగారు సంఘపెద్ద, నాయనగారు సంఘపెద్ద, కుమారుడును సంఘపెద్దయే అయితే, ఆ కుటుంబపు భక్తికి సంతోషింతుము. కాని ఆ వంతెన ఈవల ప్రక్క కూర్చొనేవారికి నూరేండ్లలో ఒక్కసారియైన వంతు రాకపోతే, దానిని భక్తి అనుటకు వీలులేదు, కరణీకము అనవలెను. సుప్రీముకోర్టు తప్పన్నదానిని సంఘము ఒప్పనకూడదు.

వీటితోపాటు ఒక హెచ్చరిక. మనలోనుండి ఉద్యోగస్థులు, సర్పంచులు, నాయకులు వచ్చుచున్నారు, ఇంకను రావలెను. తలారి మనుమడు తహసీల్దారు కుర్చీలో కూర్చొనుట దేవుడు చేసిన మేలు. కాని కుర్చీలో కూర్చున్న తరువాత, కల్లీనికమును జ్ఞాపకము చేసికొనవలెను. మనవాడు కదా అని తప్పు కప్పిపుచ్చుటకు, ఇతర మతస్థునికి న్యాయముగా రావలసినది ఆపుటకు ఆ కుర్చీని వాడితే, మనము ఎవరి ఎదుట దోషులమో మనకు తెలియును. తుఫాను నీరు మతము చూడలేదు. సహాయపు జాబితా కూడ చూడకూడదు.

ఇక మా పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగింతుము. “వల బాగుచేసుకొనేవాళ్ళకు రోమా సెనేటరుల గొడవ ఎందుకు?” వారి గొడవ మన గొడవయే అయ్యా. వారి కుర్చీ పెద్దది, మన కుర్చీ చిన్నది. కూర్చొనే మనిషి ఒక్కడే.

ఒక చిన్న మనవి మాత్రము చేయుచున్నాము. పదవుల విషయము పెద్ద సభలలో తేలును, అది మన చేతిలో అంతగా లేదు. జాబితా మాత్రము మన చేతిలో ఉన్నది. ఈ తీరమునకు తుఫాను మరల వచ్చును, సహాయమును మరల వచ్చును. ఆ దినమున జాబితా వ్రాయుటకు కూర్చున్నప్పుడు మొదటి పుటలో, మొదటి వరుసలో, చందా బాకీయున్న విధవరాలి పేరు వ్రాయుదమని ఈ దినమే తీర్మానించుకొందము. తీర్మానమును మినిట్సు పుస్తకములో ఎక్కించి ఆరాధనలో అందరికి వినిపింతము. కమిటీవారి పేర్లు చివరి పుటకు పోనీయుడి. గిన్నెలు అయిపోతే మనకే అయిపోవును, ఫరవాలేదు.

 దేవుడు మన అధ్యక్ష ఖండమును, ఈ తిప్పను, ఈ సముద్రము మీదికి పోవు ప్రతి పడవను దీవించును గాక. ఆమేన్.